బండిలో పీటకు చోటు

కుళ్ళాయప్ప గుట్ట ఎక్కి వచ్చేసరికి తాత పంచలో కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తున్నాడు.

"తాతా, బండిలో చోటు చాల్లేదు" అన్నాడు కుళ్ళాయప్ప, ఇంకా కూర్చోకుండానే.

తాత చేతిలోని కాయను చిదిమాడు. గింజలు చేటలో పడ్డాయి. పొట్టు పక్కన కుప్పలో పడింది.

"సర్దుకో నాయనా" అన్నాడు.

ఇంకొక మాట వస్తుందేమోనని శిష్యుడు కాసేపు నిలబడ్డాడు. రాలేదు. తాత దగ్గర అదొక అలవాటు. చెప్పవలసింది ఒక్క మాటే అయినప్పుడు రెండో మాటను ఆయన వెతుక్కోడు. కుళ్ళాయప్ప దండం పెట్టి గుట్ట దిగిపోయాడు.

బండి అంటే ట్రైలరు. ఒకప్పుడు ఎవరో అందులో ఐస్‌క్రీములు అమ్ముకున్నారు. తర్వాత అది చేతులు మారి, ఒక భక్తుడి పుణ్యమా అని గుట్ట కింద ఉన్న తాత ఆశ్రమానికి చేరింది. ఆశ్రమంలో ఉన్న పాత జీపు దాన్ని లాక్కుపోతుంది. రోజూ పొద్దెక్కే వేళకు పట్నంలో పెద్దాసుపత్రి గోడ పక్కన ఆగుతుంది. లోపలి రోగులకు తోడుగా వచ్చి, ఆ గోడ నీడన పగళ్ళు గడిపేవాళ్ళకు అక్కడ సంగటి, పప్పు, జొన్నరొట్టె, మజ్జిగ దొరుకుతాయి. అందుకని దానికి అన్నం బండి అని పేరు వచ్చింది.

ఆ బండి బాధ్యత కుళ్ళాయప్పది. తాత దగ్గరకు రాకముందు అతను లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేశాడు. మనుషుల సంగతి ఎలా ఉన్నా, ఇనుము మాత్రం తన మాట వింటుందని అతనికి గట్టి నమ్మకం. గురువు సర్దుకోమన్నాడు. గురువు మాటను అక్షరాలా పాటించే అవకాశం శిష్యుడికి అన్నిసార్లూ రాదు. అతను సంతోషంగా సర్దడం మొదలుపెట్టాడు.

గ్యాస్ సిలిండరును లోపలి నుంచి తీసి, జీపుకు తగిలించే కొక్కెం వెనక ఒక ఇనుప చట్రం కట్టి అందులో నిలబెట్టాడు. నీళ్ళ తొట్టిని బండి అడుక్కి దించాడు. గరిటెలు పైకప్పు నుంచి వేలాడాయి. మూతలు తలుపు వెనక వరసగా నిలబడ్డాయి. గిన్నెలు ఒకదాని కడుపులో ఒకటి ఒదిగాయి. ఉల్లిగడ్డలు వల సంచుల్లోకి ఎక్కి, బండి కదిలినప్పుడల్లా ఊగాయి. పిండి డబ్బాకు ఒక గూడు, ఉప్పు డబ్బాకు ఒక గూడు. కిటికీకి ఉన్న రెక్క పైకి లేస్తే చూరు, కింది రెక్క దిగితే వడ్డించే బల్ల.

నడుమ తన కోసం ఒక మడత బల్ల బిగించుకున్నాడు. దాని ఎత్తు సరిగ్గా అతని మోచేతి ఎత్తు. దాని ముందు నిలబడితే అడుగు తీసి అడుగు వేయకుండానే బండిలోని ప్రతి వస్తువూ చేతికి అందుతుంది. ఆ పనితనం చూడటానికి ఆశ్రమానికి వచ్చినవాళ్ళందరూ ఒకసారి బండిలోకి తొంగి చూసి వెళ్ళేవారు.

"కుళ్ళాయన్నా, నీ ముందు ఊరికే నిలబడాలంటే భయమేస్తాంది" అన్నాడు జీపు నడిపే ఖాజా. "నన్నూ మడిచి మేకుకు తగిలిస్తావేమో."

"నువ్వు మడిస్తే మడతపడే రకం కాదులేరా" అన్నాడు కుళ్ళాయప్ప నవ్వి. ఆ పూట అతనికి నిజంగానే హాయిగా ఉంది.

అయినా ఒకటి మిగిలిపోయింది. అది ఓబులవ్వ ముక్కాలిపీట.

ఓబులవ్వ ఆ బండికి మొదట తినడానికి వచ్చింది. భర్తను ఆసుపత్రిలో ఉంచుకుని, గోడ నీడన కూర్చుని, ఒకనాడు రొట్టె తుంచి నోట పెట్టుకుని, "ఎవరప్పా దీన్ని తట్టింది? గోడకు పిడక కొట్టినట్టు కొట్టినారే!" అంది. తట్టినవాడు కుళ్ళాయప్పే. మరునాడు ఆమె తానే బండిలోకి ఎక్కి తట్టి చూపించింది. భర్త పోయాక, కర్మలన్నీ అయ్యాక, ఒక సంచి పట్టుకుని గుట్ట కిందికి వచ్చి, "బండి ఎన్ని గంటలకు పోతుంది?" అని అడిగింది. అప్పటినుంచి రొట్టెలు ఆమెవే.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. నిలబడి చేయలేదు. ఆ పీట మీద కూర్చుని, ముందు పొయ్యి, పక్కన పలక పెట్టుకుని తప తప తడుతుంటే ఆ చప్పుడు కిటికీ బయటిదాకా వినిపించేది. పెనం మీద పడిన రొట్టెను తడిగుడ్డతో ఒక్కసారి నిమిరేది. అది ఊపిరి పీల్చినట్టు పొంగేది. కిటికీ దగ్గర వరసలో ఉన్నవాళ్ళు ఆ పొంగు చూడటానికి మెడలు చాచేవాళ్ళు. రోజంతా లోపలి నుంచి ఏ కబురు వస్తుందోనని ఎదురుచూసేవాళ్ళకు, తప్పకుండా జరిగే మంచి విషయం అదొక్కటే.

కానీ బండి కొలతలు వేరు. ఆమె కూర్చుంటే కాళ్ళు చాచాలి. పీట, కాళ్ళు, పలక, నీళ్ళ చెంబు అన్నీ కలిసి నేలను పట్టేసుకునేవి. కుళ్ళాయప్ప ఆమె కోసం గోడకు బిగించిన మడత పీట ఒకటి చేసి పెట్టాడు. ఆమె దాని మీద కూర్చుని రెండు రొట్టెలు తట్టి దిగిపోయింది.

"ఊయల కట్టినావేం నాయనా? రొట్టె తట్టాల్నా, జోలపాట పాడాల్నా?"

ముక్కాలిపీట మళ్ళీ తన చోటుకు వచ్చింది. ఒక రద్దీ మధ్యాహ్నం కుళ్ళాయప్ప పప్పు గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగి, ఆ పీట కాలికి తగిలి తూలాడు. పప్పంతా నేలపాలైంది. ఎవరికీ కాలలేదు గానీ, వరసలో ఉన్న సగం మందికి ఆనాడు మజ్జిగే గతి అయింది.

నేల తుడిచాక కుళ్ళాయప్ప మెల్లగానే అన్నాడు: "అవ్వా, రొట్టెలు పొద్దున్నే ఆశ్రమంలోనే చేసి పంపరాదా? ఈ కుదుపుల్లో నీకెందుకు రోజూ యాతన?"

ఓబులవ్వ పలకను గుడ్డతో తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"అట్లే కానీ అప్పా. బండి నీది కదా" అంది. కొక్కేనికి వేలాడుతున్న తన తడిగుడ్డను తీసి, మడిచి, నడుమున దోపుకుంది.

ఆ సాయంత్రం కుళ్ళాయప్ప మళ్ళీ గుట్ట ఎక్కాడు.

"అంతా సర్దినా తాతా. ఒక్క పీట మిగిలింది. అదీ తీసేస్తే బండి సరిపోతుంది."

"పీటేనా?"

"పీటే."

"దాని మీద ఎవరూ లేరా?"

కుళ్ళాయప్ప తల వంచుకున్నాడు. "అవ్వ ముసలిదైపోయింది తాతా. ఇక్కడే ఉంటే నెమ్మదిగా ఉంటుంది."

"అట్లని అవ్వ అనిందా?"

"'అట్లే కానీ' అనింది."

తాత చూపు గుట్ట కిందికి మళ్ళింది. కింద మైదానంలో వేరుశనగ చేల మీద పొద్దు వాలుతోంది. బండి పైకప్పు రేకు మెరుస్తోంది.

"రేపు నేనూ వస్తా పట్నానికి" అన్నాడు తాత. "జీపులో నాకు చోటుంటుందా?"

తాత గుట్ట దిగడమే అరుదు. కుళ్ళాయప్ప పొంగిపోయాడు. తన సర్దుబాటును గురువు కళ్ళారా చూడబోతున్నాడు. "నీకు లేకుంటే ఇంకెవరికి తాతా!"

మరునాడు పొద్దున్నే ఓబులవ్వ ఆశ్రమం వంటింట్లో రొట్టెలు చేసి, గుడ్డలో చుట్టి, గంపకెత్తింది. కుళ్ళాయప్ప గంపను బండిలోకి ఎక్కించాడు. పీట పోయిన చోటులో గంప కూర్చుంది. అది పీట కంటే కాస్త వెడల్పు. దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, గోడకు నెట్టి చూశాడు.

జీపు కదిలే వేళకు తాత వచ్చాడు. చంకలో ముక్కాలిపీట. వెనక ఓబులవ్వ.

"ఈ పీటెందుకు తాతా?"

"కూర్చోడానికి."

ముందు సీట్లో ఖాజా పక్కన బియ్యం మూట, మజ్జిగ క్యాన్లు ఉన్నాయి. వెనక ఎదురెదురుగా ఉన్న బల్లల మీద ఒకవైపు తాత, ఓబులవ్వ కూర్చున్నారు. ఎదురుగా కుళ్ళాయప్ప ఒక్కడే, ఒక కాలు బల్ల మీద చాపుకుని కూర్చున్నాడు.

ఊరి పొలిమేర దాటగానే దోవ పక్కన ఒక రైతు నిలబడి ఉన్నాడు. చేతికి కట్టు. పక్కన భార్య.

"ఆపు ఖాజా" అన్నాడు తాత.

ఖాజా ఆపాడు. ఆశ్రమానికి రాకముందు అతను చాలాకాలం షేర్ ఆటో నడిపాడు. జీపు ఆగీ ఆగకముందే పాత గొంతు దానంతటదే లేచింది. "సర్దుకోండి, సర్దుకోండి, ఇంకొకరికి చోటుంది!"

ఓబులవ్వ ఫక్కున నవ్వింది. కుళ్ళాయప్ప చాచిన కాలు కిందికి దించాడు. ఇద్దరూ అతని పక్కన కూర్చున్నారు.

ఇంకొంత దూరంలో ఒక గొర్రెలకాపరి, అతని ముసలి తండ్రి. ఆ తర్వాత టిఫిను క్యారియరు పట్టుకుని కూతురును చూడబోతున్న ఒక తల్లి. ప్రతిసారీ తాత ఆపమన్నాడు. ప్రతిసారీ ఖాజా కేక వేశాడు. రైతు భార్య భర్త కట్టుచేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. కాపరి బల్ల దిగి కింద గొంతుక్కూర్చున్నాడు. ఓబులవ్వ నొప్పి మోకాళ్ళను దగ్గరకు ముడుచుకుని, తన పక్కన చేటంత జాగా చేసింది. తాత ఒళ్ళో పీట, పీట మీద ఎవరిదో మూట, మూట మీద టిఫిను క్యారియరు.

"ఖాజా" అన్నాడు తాత. "నీ ఆటోలో ఎంతమంది పట్టేవాళ్ళు?"

"దోవలో ఎంతమంది నిలబడుంటే అంతమంది తాతా."

"ఆటోను పెద్దది చేయించినావా?"

"ఆటో యాడ పెద్దదవుతుంది తాతా!" ఖాజా గేరు మారుస్తూ నవ్వాడు. "ఎక్కినోళ్ళు సర్దుకుంటారు."

కుళ్ళాయప్ప తలెత్తి తాతను చూశాడు. తాత అతనివైపు చూడటం లేదు. పక్కన ముసలాయన గొర్రెల ధర గురించి ఏదో చెబుతుంటే శ్రద్ధగా వింటున్నాడు.

పట్నం ఇక కనిపిస్తుందనగా, చింత మాను కింద ఒక బాలింత చేయెత్తింది. చంకలో పసిబిడ్డ, వెనక ఆమె అత్త. బిడ్డకు జ్వరమని చెప్పకుండానే తెలుస్తోంది. తాత ఈసారి ఆపమనలేదు. ఖాజానే ఆపాడు. కేక మాత్రం వేయలేదు. లోపల చూస్తే వేయబుద్ధి కాలేదు.

కుళ్ళాయప్ప ఎవరిని జరగమనాలా అని అందరివంకా చూశాడు. ఆ బల్లల మీద నిండుగా కూర్చున్నవాళ్ళు లేరు. సగం తొడ ఆనించి ఒకరు, భుజం వాల్చి ఒకరు, ఊపిరి బిగబట్టి ఒకరు. ఒక్క తన వీపే హాయిగా వెనక్కి ఆని ఉంది. రెండు చేతులూ తొడల మీద వెడల్పుగా ఉన్నాయి.

అతను లేచాడు. "రా తల్లీ, ఇక్కడ కూర్చో" అని, తాను దిగి వెనక మెట్టు మీద నిలబడి పైకమ్మీ పట్టుకున్నాడు. అత్తా కోడళ్ళిద్దరూ కూర్చున్నారు. గాలి ముఖానికి కొడుతుంటే అతను జీపు లోపలికి చూస్తూ నిలబడ్డాడు. లోపల ఇంకా కాస్త ఖాళీ ఉన్నట్టే కనిపించింది.

ఆసుపత్రి గోడ దగ్గర అందరూ దిగి వెళ్ళిపోయారు. బండి కిటికీ తెరుచుకుంది. కుళ్ళాయప్ప లోపలికెక్కి తన బల్ల ముందు నిలబడ్డాడు. తాత గోడ నీడలో పీట వేసుకుని కూర్చున్నాడు. ఓబులవ్వ పక్కన నేల మీద కూర్చుంది. ఆమె చేతులకు ఏం చేయాలో తెలియలేదు. కొంగు అంచును మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టుకుంటోంది.

వరస మొదలైంది. సంగటి, పప్పు, గంపలోంచి తీసిన రొట్టె.

ఒకామె రొట్టెను వేళ్ళతో నొక్కి చూసింది. "ఈ పొద్దు రొట్టె చేసింది అవ్వ కాదా అన్నా?"

"అవ్వే."

"మరి అవ్వ చేతి రొట్టెలా లేదే!"

"చెయ్యి అదే తల్లీ" అంది ఓబులవ్వ గోడ దగ్గర నుంచి. "వేడి లేదంతే."

ఆమె తిరిగి అవ్వను చూసి, "బయట కూర్చున్నావేమవ్వా?" అంది. వరసలో ఒక ముసలాయన రొట్టెను తుంచబోయాడు. అది తోలులా సాగింది గానీ తెగలేదు. ఆయన దాన్ని పప్పులో నానబెట్టి, నానేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఎదురుచూడటం అక్కడివాళ్ళకు బాగా అలవాటైన పని.

కుళ్ళాయప్ప ఆ ముసలాయనను చూశాడు. తర్వాత తన ముందున్న బల్లను చూశాడు.

అది మడత బల్ల. కింది మేకు లాగితే మడతపడి గోడకు అతుక్కునేలా అతనే చేశాడు. షెడ్డులో నేర్చుకున్న మంచి పనితనం అది. కానీ బిగించిన నాటి నుంచి దాన్ని ఒక్కసారి కూడా మడవలేదు.

మేకు లాగాడు. మొదట అది కదల్లేదు. పప్పు, నూనె పడి బిగుసుకుపోయింది. గరిటె కాడతో తట్టి లాగాడు. బల్ల చప్పుడు చేస్తూ గోడకు వాలింది. తాను నిలబడిన చోటు ఎంత వెడల్పో అతను అంతవరకూ చూడలేదు.

పప్పు గిన్నెను, సంగటి గిన్నెను వడ్డించే రెక్క మీదికి జరిపాడు. బండి దిగి గోడ దగ్గరకు వెళ్ళాడు.

"తాతా, ఒకసారి లేస్తావా?"

తాత లేచాడు. కుళ్ళాయప్ప పీట అందుకున్నాడు.

"మరి నాకు?" అన్నాడు తాత.

"నేల ఉండాది కదా తాతా."

ఖాజా నాలుక కరుచుకున్నాడు. తాత మాత్రం గుట్ట మీద ఎవరూ ఎప్పుడూ విననంత గట్టిగా నవ్వి, గోడకు వీపు ఆనించి నేల మీద చతికిలబడ్డాడు. జేబులోంచి గుప్పెడు వేరుశనగ కాయలు తీశాడు.

"అవ్వా" అన్నాడు కుళ్ళాయప్ప. ఇంకేదో అనాలనుకున్నాడు. గొంతులో నుంచి వేరే మాట వచ్చింది. "పిండి డబ్బా దాని గూట్లోనే ఉండాది."

ఓబులవ్వ అతని ముఖంలోకి చూసింది. "నీళ్ళు మరిగించినావా మరి? చన్నీళ్ళతో కలిపితే విరిగి చస్తుంది" అంది. అతని భుజం పట్టుకుని మెట్టు ఎక్కింది. నడుములోంచి తడిగుడ్డ తీసి, పాత కొక్కేనికి తగిలించింది.

కాసేపటికి బండిలోంచి తప తప చప్పుడు లేచింది. ఖాజా నీళ్ళు అందించాడు. మొదటి రొట్టె పెనం మీద పొంగింది. వరసలో మెడలు సాగాయి. నానబెట్టుకున్న ముసలాయన ఆ పళ్ళెం పక్కన పెట్టి, మళ్ళీ వచ్చి వరసలో నిలబడ్డాడు.

కుళ్ళాయప్ప కిటికీకి ఇవతల, రోడ్డు మీద నిలబడి వడ్డిస్తున్నాడు. లోపలి నుంచి ఓబులవ్వ రొట్టె పైకెత్తితే అందుకుంటున్నాడు. చూరు రెక్క నీడ సన్నగా ఒక అడుగు మేర పడుతోంది. ఆ నీడలో అన్నం తీసుకునేవాళ్ళు నిలబడాలి కాబట్టి అతను ఎండలోకి జరిగాడు. చెమట కళ్ళలోకి కారుతోంది. దోవలో జీపెక్కిన రైతు, కట్టుచేతితో, వరసలో ముందుకు వచ్చాడు.

"ఏమన్నా, ఎండలో నిలబడినావు? లోపల చోటు లేదా?"

కుళ్ళాయప్ప కిటికీలోంచి లోపలికి చూశాడు. పొయ్యి ముందు ఓబులవ్వ రెండు కాళ్ళూ హాయిగా చాపుకుని కూర్చుంది.

"ఉంది" అన్నాడు, వేడి రొట్టెను అతని పళ్ళెంలో వేస్తూ. "ఇంకొకరికి కూడా ఉంది."

గోడ నీడలో తాత ఒక కాయను చిదిమాడు.